ఆక్సిజన్ సెన్సర్ నిజంగా చెడిపోయిందా?

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ పాళ్లు కుదిరాయో లేదో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది సైలెన్సర్ గొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ పరికరం 1976లో వోల్వో కార్లలో తొలిసారిగా వచ్చింది. నేటి పెట్రోలు కార్లలో సాధారణంగా కెటలిటిక్ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉంటాయి.

సెన్సర్ కొనలో జిర్కోనియా పింగాణీ, దానికి రెండువైపులా ప్లాటినం పూత ఉంటాయి. ఒకవైపు బయటి గాలి, మరోవైపు ఇంజిన్ వదిలిన పొగ తగులుతాయి. రెండింటి మధ్య ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దాకా పెరుగుతుంది, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి పడిపోతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటేనే ఇది పనిచేస్తుంది కాబట్టి లోపల చిన్న హీటరు కూడా అమర్చుతారు.

సెన్సర్ పాడైతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఒక్కోసారి నల్లపొగ వస్తుంది. అయితే ఇవే లక్షణాలు వేరే లోపాల వల్ల కూడా కనిపిస్తాయి. అందుకే పరీక్షించకుండా సెన్సర్ మార్చడం డబ్బు దండగ.

స్కానర్ పెడితే ముందుగా కోడ్ కనిపిస్తుంది. పీ0135 వస్తే లోపం హీటరు సర్క్యూట్‌లో ఉన్నట్టు. ఫ్యూజు, వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, హీటరు నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. రీడింగ్ అసలు రాకపోతే హీటరు తెగిపోయినట్టే. పీ0133 అంటే సెన్సర్ మందకొడిగా స్పందిస్తోందని. పీ0171 మాత్రం గాలి ఎక్కువైందని చెప్పే కోడ్. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇంటేక్ పైపుకు చీలిక, బలహీనపడ్డ ఫ్యూయల్ పంపు, సెన్సర్‌కు ముందు సైలెన్సర్ లీకు వంటివాటిని ముందు వెతకాలి. స్పార్క్ ప్లగ్ మిస్ అయినా, మండకుండా మిగిలిన ఆక్సిజన్‌ను సెన్సర్ గాలి ఎక్కువైనట్టే చూపుతుంది.

అసలు తీర్పు స్కానర్ చూపే లైవ్ డేటాలో తేలుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే ముందు సెన్సర్ వోల్టేజీ 0.2 నుంచి 0.8 మధ్య చకచకా ఊగాలి. తర్వాత యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి వదలాలి. తొక్కినప్పుడు వోల్టేజీ వెంటనే ఎగిసి, వదిలినప్పుడు వెంటనే పడితే సెన్సర్ బాగున్నట్టే. ఏం చేసినా 0.45 దగ్గరే నిలిచిపోతేనో, నెమ్మదిగా కదిలితేనో అనుమానించాలి. వెనక సెన్సర్ వోల్టేజీ దాదాపు నిలకడగా ఉండాలి. అదీ ముందుదానిలాగే ఊగుతుంటే లోపం ఎక్కువగా కన్వర్టర్‌దే అవుతుంది. కొత్త కార్లలో ముందు వైపు తరచుగా వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది. దానికి ఈ వోల్టేజీ లెక్కలు వర్తించవు, కంపెనీ ఇచ్చిన విలువలతోనే పోల్చాలి.

పాత సెన్సర్ విప్పాక కొనను కూడా గమనించాలి. దట్టమైన మసి ఉంటే ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతోందని, తెల్లటి పొర ఉంటే కూలెంటో సిలికానో చేరిందని అర్థం. ఆ మూలకారణాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. అసలు లోపం సరిచేసి, కోడ్ చెరిపి, కొంత దూరం నడిపాక లైవ్ డేటాను మళ్లీ చూస్తేనే మరమ్మతు పూర్తయినట్టు.