గరిక చావలేదు, నిద్రపోతోంది!

అరకులోయలో ఇంటి ముందు గరిక లాన్ పెంచుకునేవారికి చలికాలం వచ్చిందంటే ఒకటే బెంగ. వానల్లో పచ్చగా కళకళలాడిన గడ్డి కాస్తా ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. చచ్చిపోయిందనుకుని తవ్విపారేసి, మళ్లీ డబ్బు పోసి కొత్తది వేయిస్తారు. తొందరపడకండి!

వినాయక చవితి పూజకు తెచ్చుకునే గరికే ఇది. ఎండంటే దానికి ప్రాణం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. చలి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోతే గరిక ఎదుగుదల ఆపేసి, కణుపుల్లో, వేళ్లలో ప్రాణం దాచుకుంటుంది. అప్పుడు నీళ్లు తగ్గించండి. ఎరువు వేయకండి. ఎండలు రాగానే అదే చిగురిస్తుంది.

చలికాలంలోనూ పచ్చదనం కావాలంటే, పైన రై గడ్డి విత్తనం చల్లుకోవచ్చు. ఇది చలిదేశాల గడ్డి.

* అక్టోబరు చివర్లో, వానలు తగ్గాక గరికను బాగా కిందికి కత్తిరించి, చెత్త ఊడ్చేయండి.

* 100 చదరపు అడుగులకు పావుకిలో విత్తనం చల్లి, జల్లించిన పశువుల ఎరువు పల్చగా కప్పండి.

* మొలకలొచ్చేదాకా రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించండి. వారం పదిరోజుల్లో మొలుస్తాయి.

* మూడంగుళాలు పెరిగాక కత్తిరించండి.

ఫిబ్రవరి చివర్లో మాత్రం రై గడ్డిని నేలబారుగా కోసేయాలి. పచ్చగా ఉంది కదా అని వదిలేస్తే, దాని నీడలో గరిక చిగురించలేక అణగారిపోతుంది.

విశాఖలో ఇంత చలి ఉండదు. అక్కడివారికి ఈ ఖర్చు అనవసరం.