కరెంటు పారకుండానే మారే నిరోధం

పోయినవారం కార్యక్రమం అయ్యాక ఒక కుర్రాడు "ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే ఎందుకండీ అంత వేడి?" అని అడిగాడు. చిప్పులోంచి కరెంటు పారితే వేడి పుట్టక తప్పదు. మరి కరెంటు పారించకుండా, వోల్టేజి మాత్రం పెట్టి పని చేయించుకోలేమా? అందుకు వెతుకుతున్న దారుల్లో ఒకదాని గురించి చెప్పుకుందాం.

ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న గ్యాస్ లైటర్ మీ వంటింట్లో ఉండే ఉంటుంది. టక్కున నొక్కితే లోపలి చిన్న సుత్తి ఒక పలుకు మీద పడి నిప్పురవ్వ వస్తుంది. స్ఫటికాన్ని ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. అలాగైతే విద్యుత్తు ఇచ్చినప్పుడు స్ఫటికం సాగాలి కదా అన్నాడు లిప్‌మన్, మరుసటి ఏడు. అన్నదమ్ములు కొలిచి చూశారు, నిజమే. అన్ని స్ఫటికాలకీ ఈ గుణం ఉండదు. 32 తరగతుల్లో 20కే ఉంటుంది. అన్నట్టు, స్ఫటికాల సౌష్ఠవానికీ గుణాలకీ ఉన్న ఈ సంబంధం మీద 1966లో పుస్తకం రాసిన సూరి భగవంతం గారు మన తెలుగువారే.

ఇక అసలు కథ. సీసం, మెగ్నీషియం, నియోబియం, టైటానియం ఆక్సైడులతో పెంచిన స్ఫటికాన్ని అరమిల్లీమీటరు బిళ్ళగా కోస్తారు. దాని మీద లాంథనం, స్ట్రాన్షియం, మాంగనీస్ ఉన్న ఆక్సైడుని పలచని పొరగా పెంచుతారు. మందం వెంట్రుకలో వెయ్యోవంతు అనుకోండి. పొరలో పరమాణువుల అమరిక ఎడం సహజంగా 3.88 ఆంగ్‌స్ట్రామ్‌లు, కింది బిళ్ళలో 4.02. కిందివాటిని పట్టుకుని పెరగాలి కనుక పొర ముందే కాస్త సాగి ఉంటుంది, గంజిపెట్టి బిగించి ఆరేసిన చీరలాగా.

బిళ్ళకి నిలువుగా వోల్టేజి పెడితే అది ఎత్తులో సాగి, అడ్డంగా ముడుచుకుంటుంది. పైపొర కూడా దానితోపాటే ముడుచుకుంటుంది. ఎంత? సుమారు వెయ్యింట ఒకవంతు! అంత చిన్న మార్పే చాలు. ఈ పొరలో ఎలక్ట్రాన్ ఒక మాంగనీస్ నుంచి ఇంకో మాంగనీస్‌కి మధ్యనున్న ఆక్సిజన్ మీదుగా దూకాలి. ఎడం తగ్గితే దూకడం సులువు, నిరోధం కొన్ని శాతాలు తగ్గుతుంది. ఇలాంటి పొరల అయస్కాంతత్వం కూడా వోల్టేజితో మారుతుందని 2007లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ప్రచురించారు. బిళ్ళ కెపాసిటర్ లాంటిది. ఛార్జి ఎక్కేటప్పుడు క్షణంపాటు తప్ప కరెంటు దాదాపు పారదు.

నిరోధం మారింది ఒత్తిడి వల్లేనా, లేక సరిహద్దులో చేరిన ఛార్జి వల్లనా? వోల్టేజిని అటూ ఇటూ తిప్పి గ్రాఫు గీస్తారు. ఛార్జి వల్లైతే గ్రాఫు దాదాపు చతురస్రంలా వస్తుంది. ఒత్తిడి వల్లైతే రెండు దిక్కులా ఒకేలా లేచి సీతాకోకచిలుక రెక్కల్లా కనిపిస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఈ బొమ్మే.

చిక్కులు లేకపోలేదు. అరమిల్లీమీటరు బిళ్ళకి వందల వోల్టులు కావాలి, పదేపదే మారిస్తే పగుళ్ళొస్తాయి. పైగా సీసం. బిళ్ళనే మైక్రాను మందానికి తగ్గిస్తే ఒకటి రెండు వోల్టులతో సరిపోవచ్చు గానీ, అప్పుడు కిందనున్న సిలికాన్ దాన్ని కదలనివ్వదు. అందుకే ఆ పొరని చిన్న చిన్న దీవులుగా చెక్కడం, లేదా మొత్తంగా ఊడదీసి వేరేచోట పరవడం ప్రయత్నిస్తున్నారు.