ఒకే రక్తము - రెండు లెక్కలు: ఏది నమ్మదగినది?

కొత్తపట్నం వాస్తవ్యుడైన ఒక గృహస్థు పరగడుపున రక్తపరీక్ష చేయించుకొనగా చక్కెర 118 అని వచ్చినదనుకొందము. అనుమానము తీరక అదే ఉదయము ఒంగోలులో మరల చూపించుకొనగా 131 అన్నారు. పరగడుపు చక్కెర 126 లేక అంతకు మించినచో, మరియొక పరీక్షతో రూఢి చేసికొని మధుమేహమని నిర్ణయింతురు. మాత్రలు మొదలిడవలెనా, పథ్యముతో, మెంతులతో సరిపెట్టుకొనవచ్చునా? ఇంటిల్లిపాదికీ ఇదే కలవరము.

ల్యాబులకు కూడ పరీక్ష

మనలను పరీక్షించు ల్యాబులను పరీక్షించు పద్ధతి ఒకటి కలదు. ఒకే నమూనాను అనేక ల్యాబులకు పంపి, అవి ఇచ్చిన అంకెలను పోల్చి చూతురు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెల్క్, సండర్మన్ అను వైద్యులు ఇట్లు పోల్చి 1947లో ఫలితములు ప్రకటించగా, అనేక ల్యాబుల అంకెలు అంగీకార హద్దులను దాటియుండుట వైద్యలోకమును నివ్వెరపరచినది. మన దేశమున వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఇట్టి పథకమును నడుపుచున్నది.

మార్కులు వేయు విధము

నమూనాలోని చక్కెర 120 అని నిర్ధారణ అయినదనుకొనుడు. దీనిని శ్రేష్ఠమైన పద్ధతితో కొలిచి గాని, పాల్గొన్న ల్యాబుల అంకెలనుండి గాని నిర్ణయింతురు. ల్యాబుల మధ్య అనుమతింపదగిన తేడాకు ప్రమాణము 4 అనుకొనుడు. ఒక ల్యాబు 126 అన్నచో తేడా 6. దానిని 4చే భాగింపగా 1.5 వచ్చును. ఈ అంకెను 'జెడ్ స్కోరు' అందురు. ఎక్కువ వైపున గాని, తక్కువ వైపున గాని ఇది 2 లోపల ఉన్న తృప్తికరము. 2, 3 మధ్య ఉన్న హెచ్చరిక. 3 గాని అంతకు మించి గాని ఉన్నచో ఆ ల్యాబు తన యంత్రమును, రసాయనములను సరిచూచుకొనవలసినదే.

యథార్థత వేరు, నిలకడ వేరు

మిర్చి రైతులకు ఈ భేదము సులభముగా బోధపడును. పాసంగమున్న కాటా ప్రతి టిక్కీని ఒకే మేరకు తక్కువ చూపును. దానికి నిలకడ కలదు, యథార్థత లేదు. అట్లే పై నమూనానే మూడు మార్లు కొలిచి 131, 132, 131 అను ల్యాబు నిలకడగా తప్పు చెప్పుచున్నది. 108, 132, 120 అను ల్యాబుకు సగటు సరిగా 120 వచ్చినను, ఏ ఒక్క అంకెనూ నమ్మరాదు. మొదటి దోషమును యంత్రమును సరిదిద్ది తొలగింపవచ్చును. రెండవదానికి పనితీరు అంతయు మారవలెను. అందుచేతనే రెండింటిని విడివిడిగా లెక్కింతురు.

ఈ మార్కులకు అందని దోషము

ఈ పోలిక ల్యాబులోని పనిని మాత్రమే తూచును. తీసిన రక్తమును అట్లే ఉంచినచో అందలి కణములు చక్కెరను వాడుకొనుచు, గంటకు సుమారు 5 నుండి 7 శాతము తగ్గించును. ఎండ వేడిమికి ఇంకను ఎక్కువ. పల్లెలో రక్తము తీసి పట్టణమునకు పంపునపుడు జాగు జరిగినచో, ఉత్తమమైన ల్యాబు సైతము తక్కువ అంకెనే చూపును.

గృహస్థులు పాటింపవలసినవి

1. ల్యాబు ఇతర ల్యాబులతో పోలిక పరీక్షలలో పాల్గొనుచున్నదా అని అడుగుడు. అడుగుట మీ హక్కు.

2. మందు గాని, పథ్యము గాని పని చేయుచున్నదో లేదో చూచుటకు ప్రతిసారి ఒకే ల్యాబులో, ఒకే వేళకు పరీక్షించుకొనుడు.

3. రక్తము ఎక్కడ తీసిరో, ఎంతసేపటికి పరీక్షించిరో తెలిసికొనుడు.

4. హద్దు దగ్గర వచ్చిన ఒక్క అంకెను చూచి మాత్రలు మానుట గాని, చిట్కా ఫలించినదని తలచుట గాని తగదు. మరల పరీక్షించుకొని, రెండు కాగితములను వైద్యునికి చూపుడు.