థర్మోస్టాట్ మారిస్తే బండి చల్లబడుతుందా?

ఏప్రిల్ దాటితే చాలు, విజయవాడ, ఖమ్మం, రామగుండం వైపు మెకానిక్ షెడ్లలో ఒక సలహా తరచుగా వినిపిస్తుంది. “సార్, మన ఎండలకి ఈ థర్మోస్టాట్ వాల్వ్ దండగ. తీసేద్దాం. కాదంటే తక్కువ డిగ్రీలది వేద్దాం, బండి చల్లగా ఉంటుంది.” వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. బయట 45 డిగ్రీలు మండుతుంటే ఇంజిన్‌ను 88 డిగ్రీల దాకా వేడెక్కనివ్వడం దేనికి, 76 దగ్గరే ఆపితే పోలేదా అనిపిస్తుంది. ఈ సలహా పూర్తిగా గాలి మాటేమీ కాదు. దాని వెనక ఒకప్పటి కార్ల అనుభవం ఉంది. కానీ ఇప్పటి కార్లకు అది చాలావరకు నష్టమే చేస్తుంది. ఎందుకో తెలియాలంటే ఆ చిన్న వాల్వ్ ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో విడివిడిగా చూడాలి.

పెట్రోలు కాలినప్పుడు పుట్టే శక్తిలో బండిని నడిపేది రమారమి మూడో వంతే. ఇంకో మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలిందాంట్లో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి అప్పగించాలి. ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య దారిలో థర్మోస్టాట్ ఉంటుంది. దాని గుండెకాయ ఒక ఇత్తడి డొల్ల. అందులో రాగి పొడి కలిపిన మైనం కూరి ఉంటుంది. మైనం కరిగేటప్పుడు బాగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒక సన్నని ఉక్కు కడ్డీని నెడుతుంది, స్ప్రింగు నొక్కుకుపోయి పళ్లెం తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం కుంచించుకుంటుంది, స్ప్రింగు పళ్లాన్ని మళ్లీ మూసేస్తుంది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ అమెరికాలో రూపొందించిన ఈ మైనపు పద్ధతే నేటికీ ప్రపంచంలోని అత్యధిక కార్లలో పనిచేస్తోంది. అంతకుముందు తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం నింపిన ముడతల డొల్లలు వాడేవారు. అవి కూలెంట్ పీడనం మారినప్పుడల్లా తడబడేవి. మైనానికి పీడనంతో పెద్దగా పని లేదు, వేడి ఒక్కటే తెలుసు.

థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో అంకె కొట్టి ఉంటుంది. అది పళ్లెం తెరుచుకోవడం మొదలుపెట్టే వేడి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు కావాలి. అంటే 82ది సుమారు 95 దగ్గర, 88ది సుమారు 100 దగ్గర బార్లా తెరుచుకుంటాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. థర్మోస్టాట్ ఇంజిన్ వేడికి కింది హద్దు మాత్రమే గీస్తుంది. ఇంతకంటే చల్లబడనివ్వను అంటుంది, ఇంతకంటే వేడెక్కనివ్వను అని అది అనలేదు. చెరువు తూము తలుపు పూర్తిగా ఎత్తేశాక కాలువలో ఎంత నీరు పారుతుందో కాలువ వెడల్పే తేలుస్తుంది. తలుపును ఓ గంట ముందు ఎత్తామా వెనక ఎత్తామా అన్నది అప్పుడు లెక్కలోకి రాదు. ఏసీ వేసుకుని, నిండా మనుషులతో, రెండో గేరులో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్న కారు సంగతీ అంతే. కూలెంట్ 105 డిగ్రీలకు చేరిందంటే అప్పటికి 76 వాల్వూ 82 వాల్వూ 88 వాల్వూ మూడూ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. అక్కడి నుంచి వేడిని నిలువరించాల్సింది రేడియేటరు, ఫ్యాను, నీళ్ల పంపు. వాటిలో లోపం ఉంటే ఏ అంకె వేసిన వాల్వూ కాపాడలేదు.

ట్రాఫిక్‌లో ఆగిపోయిన బండిని తీసుకోండి. ముందు నుంచి గాలి రాదు కాబట్టి అప్పుడు భారమంతా ఫ్యాను మీదే. ఏసీ వేయకపోతే చాలా కార్లలో కూలెంట్ 95 డిగ్రీల దరిదాపులకు వచ్చాకే ఫ్యాను తిరుగుతుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది వేరే స్విచ్చు లేదా ఇంజిన్ కంప్యూటరు. థర్మోస్టాట్ మార్చినంత మాత్రాన ఆ అంకె మారదు. కాబట్టి 88 తీసి 76 పెట్టినా విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం నిలబడ్డ కారులో వేడి ఫ్యాను తిరిగే దాకా పెరుగుతూనే ఉంటుంది. ఏసీ వేస్తే ఫ్యాను ఎలాగూ తిరుగుతుంది కానీ, రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సరు తన వేడిని గాలికి ముందే అంటించి పంపుతుంది.

వేడి దేశాల్లో ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రేడియేటర్ ఎంత వేడిని వదిలించుకోగలదు అన్నది కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. గాలి 45 డిగ్రీలు, కూలెంట్ 90 అయితే తేడా 45. కూలెంట్‌ను 82 దగ్గర ఉంచాలంటే తేడా 37కు పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే గాలి వేగంతో సుమారు 18 శాతం తక్కువ వేడిని వదులుతుంది. చల్లగా నడపాలని కోరుకున్న కొద్దీ రేడియేటర్ సత్తువ తగ్గుతుందన్నమాట. డిసెంబరులో ఇది పెద్ద లెక్క కాదు. రోహిణి కార్తెలో మాత్రం ప్రతి డిగ్రీకీ విలువ ఉంది. ఇంజనీర్లు ఆధునిక ఇంజిన్లను వేడిగానే నడపడానికి ఇదీ ఒక కారణం.

మరి పాత సలహా ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీల నుంచే వచ్చింది. 1960ల నాటి బ్రిటిష్ ఎం.జి.బి. కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో మూడు థర్మోస్టాట్లు ఉంటాయి: మామూలు వాతావరణానికి 82, చలి దేశాలకు 88, వేడి దేశాలకు 74 డిగ్రీలది. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిను కూడా ఎం.జి.బి. ఇంజిన్ కుటుంబమైన బి-సిరీస్‌దే. ఆ కాలపు ఇంజిన్లకు 74 వేయడంలో అర్థం ఉంది. రేడియేటర్ మూతలు తక్కువ పీడనానివి, కాబట్టి కూలెంట్ తొందరగా మరిగేది. చాలామంది పోసేదీ ఒట్టి నీళ్లే. పైగా కార్బురేటరు బళ్లలో బానెట్ కింద వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరై, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టు నీడన చల్లారేదాకా కూర్చున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటి బళ్లకు ఘాట్ రోడ్డు మొదలయ్యే ముందే ఏడెనిమిది డిగ్రీలు తక్కువలో ఉండటం నిజమైన ఊరట. చలి దేశాల వాళ్లకు కారు లోపలి హీటరు వెచ్చగా ఉండాలి గనక ఎక్కువ డిగ్రీలది కావాలి. మనకు ఆ అవసరమే లేదు. అలా ఆ సలహా అప్పటి షెడ్లలో స్థిరపడింది, గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చింది. దాన్ని చెప్పేవాళ్లను నేను తప్పుపట్టను. మారింది కారు.

ఇప్పటి ఇంజిన్‌లో కూలెంట్ వేడిని కంప్యూటరు ప్రతి క్షణం చదువుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది అనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వాల్వ్ పూర్తిగా తీసేసిన బండి రాత్రిపూట హైవే మీద, వానాకాలంలో 60, 70 డిగ్రీల దగ్గరే ఉండిపోవచ్చు. అదే కారు జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో పది డిగ్రీల చలిలోనూ నడవాలి కదా. మైలేజీ పడిపోవడం కళ్లకు కనిపించే నష్టం. కనిపించనిది ఇంజిన్ ఆయిల్‌లో జరుగుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులను దాటి ఆయిల్ వైపు దిగుతుంది, కాలని పెట్రోలు కూడా దాని వెంటే పోతుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. వేడెక్కకపోతే అక్కడే ఉండి ఆయిల్‌ను పలచన చేస్తాయి, జిడ్డు మడ్డి పేరుస్తాయి, లోహాన్ని తినే ఆమ్లాలను తయారుచేస్తాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కార్లకు ఇది మరీ ప్రమాదం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బళ్లలో కంప్యూటరు ఇంకా కటువుగా ఉంటుంది. ఇంత దూరం నడిచినా కూలెంట్ తగినంత వేడెక్కలేదని గమనిస్తే పి0128 అనే కోడు నమోదు చేసి ఇంజిన్ దీపం వెలిగిస్తుంది. డీజిల్ బళ్లలో పొగగొట్టం దగ్గరి మసి ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ముందు ఇంజిన్ తన మామూలు వేడికి రావాలి. అది రాకపోతే మసి పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. దాన్ని మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు థర్మోస్టాట్ ధర లెక్కలోకే రాదు.

వాల్వ్ తీసేశాక వేసవిలో బండి ఇంకా ఎక్కువ వేడెక్కిందని చెప్పేవాళ్లున్నారు. అది భ్రమ కాదు. కానీ దానికి షెడ్లలో చెప్పే కారణం మాత్రం తప్పు. నీళ్లు మరీ వేగంగా పరుగెత్తడం వల్ల రేడియేటర్‌లో చల్లబడే సమయం దొరకడం లేదంటారు. వేగంగా పారితే ఒక్కో లీటరు కోల్పోయే వేడి తగ్గినా, నిమిషానికి దాటే లీటర్లు పెరుగుతాయి. మొత్తం మీద బయటికిపోయే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు. అసలు కారణం బైపాస్ దారి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఈ దారిలో, రేడియేటర్ వైపు పోకుండా ఇంజిన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. చాలా థర్మోస్టాట్లకు రెండు పళ్లాలు ఉంటాయి. పైది రేడియేటర్ దారి తెరుస్తుంటే కిందది బైపాస్‌ను మూస్తుంది. మొత్తం వాల్వే తీసేస్తే బైపాస్‌ను మూసే దిక్కు ఉండదు. వేడి కూలెంట్‌లో పెద్ద వాటా రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ సిలిండర్ల చుట్టూ చేరుతుంది. ఇలాంటి ఇంజిన్లలో చలికాలంలో ఉండాల్సిన దానికంటే చల్లగా, మండువేసవిలో ఉండాల్సిన దానికంటే వేడిగా నడవడం చూస్తాం. రెండు విధాలా చెడ్డదే.

అంకెలు పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కూలెంట్ బయటికి వచ్చే చోట ఉంటుంది, కొన్నింటిలో చల్లబడి తిరిగి లోపలికి వెళ్లే చోట ఉంటుంది. రెండో రకంలో 78 అని రాసి ఉన్నా ఇంజిన్ లోపల వేడి అంతకంటే బాగా ఎక్కువే. కాబట్టి పక్కవాడి కారులో 78 ఉంది, నా దాంట్లో 88 ఉంది అని ఆరాటపడి మార్చడంలో అర్థం లేదు.

తక్కువ డిగ్రీల థర్మోస్టాట్‌కు న్యాయమైన చోట్లూ ఉన్నాయి. టర్బో ఇంజిన్ శక్తిని పెంచి ట్యూన్ చేయించుకున్నవాళ్లకు సిలిండర్ గోడలు కాస్త చల్లగా ఉంటే ఇంజిన్ టకటకలాడే నాకింగు తగ్గుతుంది. అయితే వాళ్లు వాల్వ్‌తో పాటు ఫ్యాను తిరిగే వేడినీ, కంప్యూటర్‌లోని పట్టికలనూ మార్పించుకుంటారు. పాత కార్బురేటరు కార్లను ప్రేమగా నడుపుకునేవాళ్లు మాన్యువల్‌లో వేడి దేశాల అంకె ఉంటే దాన్ని నిక్షేపంగా వాడొచ్చు. ఇంజనీర్లు చల్లగానూ వేడిగానూ నడపాల్సిన రెండు అవసరాలనూ కలపడానికి 1990ల నుంచి మైనంలోనే చిన్న హీటరు తీగ పెట్టిన థర్మోస్టాట్లు తెచ్చారు. బి.ఎం.డబ్ల్యు. లాంటి కంపెనీల కార్లలో ఇవి నెమ్మదిగా నడిచేటప్పుడు ఇంజిన్‌ను 100 డిగ్రీల పైన ఉంచి ఇంధనం ఆదా చేస్తాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కంప్యూటరు ఆ తీగను వేడిచేసి వాల్వ్‌ను ముందే తెరిపిస్తుంది. నా దృష్టిలో అసలైన పరిష్కారం ఇదే: ఎప్పుడు చల్లగా ఉండాలో, ఎప్పుడు వేడిగా ఉండాలో పరిస్థితిని బట్టి తేల్చుకోవడం.

వేసవిలో మీ కారు నిజంగానే వేడెక్కుతుంటే ముందు చూడాల్సింది రేడియేటర్ మూత. దాని మీద 1.1 అని ఉంటే చదరపు సెంటీమీటరుకు అన్ని కిలోల పీడనం దాకా పట్టి ఉంచుతుంది. ఆ పీడనంలో ఒట్టి నీళ్లు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు వాచరు పాడై పీడనం జారిపోతే ఆ లాభమంతా పోయి 100 దగ్గరే మరుగుతాయి. బండి వేడిగా ఉండగా ఆ మూత మాత్రం ఎన్నడూ తీయకండి. పీడనం పోయిన మరుక్షణం లోపలి ద్రవం భగ్గున ఆవిరై ముఖాన కొడుతుంది. తర్వాత కూలెంట్. సమంగా కలిపిన గ్లైకాల్ ద్రవం ఒట్టి నీళ్ల కంటే కొంచెం తక్కువ వేడే మోస్తుంది, నిజమే. కానీ ఆలస్యంగా మరుగుతుంది, తుప్పు పట్టనివ్వదు. మన బోరు నీళ్లు పోస్తే సిలిండర్ల చుట్టూ, రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. గార పలచటి పొరైనా వేడిని దాటనివ్వదు. ఏసీ కండెన్సరుకూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకున్న దుమ్ము, పురుగులు, ఎండుటాకులు, వయసైపోయి నీరసంగా తిరిగే ఫ్యాను మోటారు ఆ తర్వాతి అనుమానితులు. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్ముకోవద్దు. చాలా కార్లలో అది చాలా డిగ్రీల మేర నడుమనే కదలకుండా ఉండేలా చేస్తారు, కొన్ని కార్లలో ముల్లే ఉండదు. కారు కంప్యూటరును చదివే ఓ.బి.డి. స్కానరు తగిలిస్తే అసలు డిగ్రీలు కనిపిస్తాయి.

థర్మోస్టాట్ మీదే అనుమానం ఉంటే దాన్ని పరీక్షించడం తేలిక. విప్పి, నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి పొయ్యి మీద కాయండి. రాసి ఉన్న అంకెకు అటూ ఇటూ రెండు డిగ్రీల్లో పళ్లెం కదలాలి, 82 లాంటిదైతే నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. ఏ ఒక్కటి జరగకపోయినా కొత్తది వేయండి, మీ కారుకు కంపెనీ చెప్పిన అంకెదే వేయండి. బిగించేటప్పుడు పళ్లెం అంచున ఉండే చిన్న వదులు పిన్ను పైవైపుకు రావాలి. గాలి బుడగ తప్పించుకునే దారి అదే. రబ్బరు రింగు కొత్తది వేసి, కూలెంట్ నింపాక గాలి పూర్తిగా తీయించండి. ఇంజిన్‌లో చిక్కిన గాలి వల్ల వేడెక్కిన బండిని చూసి కొత్త థర్మోస్టాట్‌నే తిట్టుకుని తీసేయడం షెడ్లలో మామూలుగా జరిగే పని.