గురకా? పళ్ల డాక్టర్నీ అడగండి!

పక్క మీద వాలగానే గురక పెడితే 'అదృష్టవంతుడు, ఎంత హాయిగా నిద్రపోతున్నాడో' అంటాం. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ మొదలైతే మాత్రం అది హాయి నిద్ర కాదు. స్లీప్ ఆప్నియా కావచ్చు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువారిని ఊపేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. గాలి దారి ఇరుకైతే గురక. మూసుకుపోతే 10 సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. అలా గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 30 దాటితే తీవ్రం. దీనివల్ల రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. పగలు కునికిపాట్లు తప్పవు. పెద్దతిప్పసముద్రం పొలాల నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాటా లోడు తోలే డ్రైవరుకు ఒక్క కునుకు చాలు, ప్రాణం మీదికి రావడానికి!

దంతవైద్యుడి పనేంటి?

రాత్రిళ్లు కొరకడంతో అరిగిన పళ్లు, అంచుల్లో పళ్ల గాట్లు పడ్డ నాలుక, ఇరుకు అంగిలి, వెనక్కి ఉన్న కింది దవడ... వీటిని చూసి దంతవైద్యుడు ముందే అనుమానించగలడు. కానీ జబ్బును తేల్చాల్సింది నిద్ర పరీక్షే. అందుకు ముందుగా ఊపిరితిత్తుల వైద్యుణ్నో, ఈఎన్‌టీ నిపుణుణ్నో కలవాలి.

మామూలు గురక, ఒక మాదిరి ఆప్నియా ఉన్నవారికి పళ్ల అచ్చు తీసి, పై కింది వరసలకు సరిపోయే తొడుగు చేస్తారు. రాత్రి పెట్టుకుంటే కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతుంది. దాంతోపాటు నాలుకా ముందుకొచ్చి, దారి తెరుచుకుంటుంది. మొదట్లో లాలాజలం ఊరడం, ఉదయం దవడ నొప్పి మామూలే. కాలక్రమంలో పళ్ల కలయిక మారొచ్చు కాబట్టి మధ్యమధ్య చూపించుకోవాలి. తొడుగు నిలవాలంటే గట్టి పళ్లుండాలి. అందుకే కట్టుడు పళ్లవారికి ఇది సాధారణంగా పనికిరాదు.

తీవ్రంగా ఉన్నవారికి ముందుగా సూచించేది ముక్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రమే. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ దాన్ని పరిచయం చేశారు. అది పడనివారికి తొడుగు ప్రత్యామ్నాయం. బరువు తగ్గడం, మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం ఎవరికైనా మంచిదే.

గురక పెట్టేవారికి తమ గురక వినపడదు. కాబట్టి, పక్కన పడుకునేవారే ఊపిరి ఆగడం గమనించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.