పాత విండోస్‌ని వదలాలా... వద్దా?

*విండోస్ 10కి కాలం చెల్లింది. పదకొండుకి మారమంటోంది కంపెనీ. మారితే పాత సాఫ్ట్‌వేర్లు పనిచేస్తాయో లేదోనని భయం. మారకపోతే వైరస్‌ల భయం. మరి ఏది నయం?*

కొత్తొక వింత, పాతొక రోత అంటారు పెద్దలు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఈ సామెత తిరగబడుతుంది. ఇక్కడ కొత్తంటేనే భయం, పాతంటేనే ధీమా. ఏ బొమ్మ ఎక్కడుందో, ఏది నొక్కితే ఏమవుతుందో చూడకుండానే చెప్పగలిగేంత చనువు ఏర్పడ్డాక దాన్ని వదులుకోవాలంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ కోట్లాది మందికి ఇప్పుడు ఆ సంగతి తేల్చుకోక తప్పడం లేదు.

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక వచ్చిన తొలి పెద్ద విండోస్ అదే. పదేళ్లు నడిచింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ఆగిపోయింది.

నిజామాబాద్ నుంచి బాన్సువాడ వెళ్లే దారిలో ఉన్న వర్ని లాంటి మండల కేంద్రంలో ఈ ప్రశ్న నగరంలోకన్నా బరువైనది. నగరంలో ఉద్యోగి కంప్యూటర్‌ను కంపెనీయే మారుస్తుంది. ఊళ్లో దుకాణం పెట్టుకున్నవారికి ఆ వీలుండదు. ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు, పెళ్లిపత్రికలు, ఎరువుల కొట్టు లెక్కలు... అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే నడిచే చోట అది మొరాయిస్తే ఆ రోజు గల్లాపెట్టె ఖాళీయే. అందుకే ‘నడుస్తున్నదాన్ని కదపొద్దు’ అన్నది అక్కడి సూత్రం. ఆ సూత్రంలో సగం నిజముంది. మిగతా సగంలోనే ప్రమాదముంది.

గండి పడితే పూడ్చేదెవరు?

మద్దతు ఆగిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. మర్నాడూ మామూలుగానే ఆన్ అవుతుంది, ఫైళ్లన్నీ ఉంటాయి, ప్రింటర్ పనిచేస్తుంది. మరి తేడా ఎక్కడ?

నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి. కానీ గట్టుకు ఎక్కడ గండి పడినా ఇకమీద పూడ్చడానికి ఎవరూ రారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అంతే. కోట్ల లైన్ల ప్రోగ్రాంలో ఎప్పటికప్పుడు లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని సరిచేసేవే నెలనెలా వచ్చే అప్‌డేట్లు. అవి ఆగిపోయాక తెలిసిన లోపం తెలిసినట్టే ఉండిపోతుంది. కంప్యూటర్ దొంగలకు కావాల్సిందీ అదే.

రెండో ఇబ్బంది నెమ్మదిగా వస్తుంది. పాత విండోస్‌ని ఒక్కో సాఫ్ట్‌వేర్ వదిలేస్తూ పోతుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో సెలవు చెబితే, గూగుల్ క్రోమ్ 2023 ఫిబ్రవరిలో చెప్పింది. బ్రౌజర్ పాతబడితే కొత్త వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు. ఆన్‌లైన్ పనుల మీద బతికే దుకాణానికి అంతకుమించిన దెబ్బ ఏముంటుంది!

తెలుగు తెచ్చిన మార్పు

కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ పరుగెత్తాల్సిన పనిలేదని చరిత్రే చెబుతుంది. 2007 జనవరిలో జనంలోకి వచ్చిన విస్టా పాత కంప్యూటర్లను నత్తనడక నడిపించింది. చాలామంది మళ్లీ ఎక్స్‌పీ గూటికే చేరారు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌నే మాయం చేసింది. గగ్గోలు పుట్టడంతో ఏడాది తిరగకుండానే 8.1లో దాన్ని మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అప్పుడు ఆగినవాళ్లు నష్టపోలేదు.

అలాగని మారినవాళ్లంతా మోసపోయారనీ కాదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీయే అందుకు సాక్ష్యం. గౌతమి ఫాంటుతో, యూనికోడ్ తెలుగుతో వచ్చింది అది. అంతకుముందు ఒక కంప్యూటర్‌లో కొట్టిన తెలుగు మరో కంప్యూటర్‌లో తెలుగులా కనిపించాలంటే ఆ ఫాంటు అక్కడా ఉండాల్సిందే. లేదంటే అర్థంకాని గీతలే! ఇవాళ ఫోన్లలో, వెబ్‌సైట్లలో తెలుగు హాయిగా చదువుకుంటున్నామంటే కారణం ఆ యూనికోడే.

అయితే అచ్చు పనుల లోకం వేరు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి అను ఫాంట్స్, పేజ్‌మేకర్‌ల మీదే బతికాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. వాటిలో చేసిన డిజైన్లు, పేజీలు ఆ పాత పద్ధతిలోనే ఉన్నాయి. పైగా విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే దొరుకుతుంది. మరీ పాతవైన 16 బిట్ ప్రోగ్రాములు అందులో నడవవు. పాత ప్రింటర్లు, స్కానర్లకు కొత్త డ్రైవర్లు దొరక్కపోవచ్చు. కాబట్టి డీటీపీ వాళ్ల భయం ఉత్త భయమేం కాదు.

2017 నేర్పిన పాఠం

భయం ఇటువైపూ ఉంది. 2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే వైరస్ ప్రపంచం మీద పడింది. 150 దాకా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టేసింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వైద్యం ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి.

విచిత్రమేంటంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. అప్పటికే మద్దతు ఆగిపోయిన ఎక్స్‌పీకి దాడి జరిగాక ప్రత్యేకంగా మందు పంపాల్సి వచ్చింది. అన్నిసార్లూ అలా పంపుతారన్న భరోసా లేదు.

ఈ వైరస్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీదుగానే పాకింది. అంటే ప్రమాదం కంప్యూటర్ పాతదవడంలోనే లేదు. పాతదై ఉండి కూడా బయటి లోకంతో కలిసి ఉండటంలో ఉంది. నిర్ణయమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరగాలి.

ఏ పనికి ఏ దారి?

బ్యాంకు లావాదేవీలు, ఆధార్ నంబర్లు, జనం కాగితాలు నడిచే కంప్యూటరైతే మారాల్సిందే. అందులో ఉన్నది యజమాని సమాచారం ఒక్కటే కాదు, ఊరి జనానిది కూడా.

కంప్యూటర్ పనికొస్తుందో లేదో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ చెబుతుంది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. హాయిగా నడవాలంటే ర్యామ్ 8 జీబీ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన ప్రాసెసర్లకే అనుమతి. కొన్నిట్లో టీపీఎం ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే సరి. కొత్తది కొనేముందు దీన్ని చూసుకోవడం మంచిది.

అసలైన విండోస్ 10 ఉన్నవారికి 11 ఉచితమే. ముందు ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. మారాక నచ్చకపోతే పది రోజుల్లోపు పాతదానికి వెనక్కి వచ్చే వీలుంది. ఆ పది రోజుల్లోనే ప్రింటర్, వేలిముద్రల పరికరం, లెక్కల సాఫ్ట్‌వేర్... అన్నీ పరీక్షించుకోవాలి. దరఖాస్తుల రద్దీ రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

వెంటనే కుదరని ఇళ్లవారికి గడువుంది. సొంత వాడకం కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగులను తన ఖాతాలో బ్యాకప్ చేసుకుంటే ఉచితంగా, లేదంటే 30 డాలర్లకు. అది ఊపిరి తీసుకోవడానికే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

ఉత్త డీటీపీ పనులకే వాడే కంప్యూటర్‌ని మార్చనక్కర్లేదు. నెట్ వైరు పీకేసి, వైఫై ఆపేసి, అచ్చు పనులకే ఉంచేస్తే పాత ఫాంట్లతో ఇంకొన్నేళ్లు లాగించేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లతోనూ వైరస్ వస్తుందన్నది మాత్రం మరవకూడదు.

పిల్లల చదువుకు, స్కూలు ల్యాబ్‌లకు మరో దారి లైనక్స్. ఖర్చుండదు, పాత కంప్యూటర్లలోనూ చురుగ్గా నడుస్తుంది, తెలుగూ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా పిల్లలు నేర్చుకుంటున్నది దానిమీదే. తెలుగునాట ‘స్వేచ్ఛ’ సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్ల ప్రచారానికి కృషిచేసింది. అయితే విండోస్ కోసమే చేసిన లెక్కల సాఫ్ట్‌వేర్లు, కొన్ని వేలిముద్రల పరికరాలు అందులో నేరుగా పనిచేయవు. దుకాణానికి అది అడ్డంకే.

మొత్తమ్మీద అడగాల్సిన ప్రశ్న ‘కొత్తది బాగుందా?’ అని కాదు. ‘నా కంప్యూటర్ ఏ పని చేస్తోంది, దానిలో ఎవరి సమాచారం ఉంది, అది నెట్‌కి కలిసి ఉందా?’ అని. ఈ మూడింటికీ జవాబు దొరికితే మారాలా వద్దా అన్నది దానంతటదే తేలిపోతుంది. ఏది తేల్చుకున్నా ముందు చేయాల్సిన పని ఒక్కటే... ఈ ఆదివారమే ఫైళ్లన్నీ మరోచోట భద్రపరచుకోవడం!