నేలమీఁద నేర్చిన పాఠము



మల్లయుద్ధమును గూర్చి యొక గృహిణి వ్రాయుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. నిరుటిదాఁక నాకును వింతయే. మా వారు బడిపంతులు. నేను మా తండ్రిగారి యొద్ద భారతము చదివికొన్నదానను. భీమజరాసంధుల పోరాటమును విని యానందించితినేకాని, యట్టిది మా యింటి వసారాలోనికి వచ్చునని యెన్నఁడు ననుకొనలేదు.

మా పెద్దమ్మాయి మునగాలనుండి కోదాడకు బస్సులో ట్యూషనునకుఁ బోవుచుండెను. నిరుటి వేసవిలో నొక సాయంకాలము, ఆకతాయి యొకఁడు సందులో దానిని బడఁద్రోసి, మోఁకాలితో నదిమిపెట్టి, చేతిసంచి లాగికొని పాఱిపోయెను. దెబ్బలు స్వల్పమే. కాని రాత్రి యది నా ప్రక్కనఁ బండుకొని, "అమ్మా, లేచుట యెట్లో నాకుఁ దెలియలేదే" అనెను. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు.

కొన్నాళ్లకు నది తండ్రి ఫోనులో జూడో నేర్పు వీడియోలు చూచుచుండెను. మాకుఁ దెలిసిన గురువు దగ్గఱలో లేఁడు. మొదట వలదంటిని. పిదప, అది యొంటరిగా నేర్చుటకంటె నాతో నేర్చుట మేలని యొప్పుకొంటిని.

నేలపోరు మనకుఁ గ్రొత్తది కాదు. 12వ శతాబ్దమునఁ గల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుని మానసోల్లాసములో మల్లవినోదమను ప్రకరణమే కలదు. వీరఘట్టమునఁ బుట్టి 1942లోఁ గాలధర్మమొందిన కోడి రామమూర్తిగారి బలమును మన తాతలు కథలుగాఁ జెప్పికొనిరి. అయినను దాలింఖానా గడప లోపలికి ఆఁడపిల్లను రానిచ్చినవా రరుదు. జపానులో జిగోరో కానో 1882లో జూడో విద్యకై కోడోకాన్ స్థాపించెను. 1935లో నచ్చటి స్త్రీల శాఖలోఁ జేరిన కేకో ఫుకుడా యయిదడుగులైన లేని మనిషి. ఆమె 2011లో, తొంబదియెనిమిదేండ్ల వయసున, అమెరికా జూడో సంస్థవలనఁ బదవ శ్రేణి నందెను. బలమే ప్రధానమైనచో నిది యెట్లు సాధ్యము?

మేము పైనుండి పట్టు మూఁడు పట్లనే నేర్చికొంటిమి. మొదటిది కెసా గటామే. కెసా యనఁగా బౌద్ధభిక్షువు భుజముమీఁదుగా నేటవాలుగా ధరించు వస్త్రము. మన కాషాయ శబ్దమే సముద్రము దాఁటి యట్లు మాఱినది. క్రిందివారి ప్రక్కనఁ గూర్చుండి, యొక చేతిని మెడ క్రిందుగాఁ బోనిచ్చి, వారి చేతిని మన చంకలోఁ బిగించి, ఱొమ్ముపై వాలవలెను. మిక్కిలి వెనుకకు వాలినచో వారు మనలను దొర్లింతురు. రెండవది యోకో షిహో గటామే: అడ్డముగా ఱొమ్ముపై ఱొమ్ము నానించి, మోఁకాలిని వారి తుంటి కడ్డము పెట్టుట. మూఁడవది తతే షిహో గటామే: పొట్టకు నిరుప్రక్కలఁ గాళ్లు వేసి పైనఁ గూర్చుండుట. క్రిందివారు మన చేతిని, అదే ప్రక్క పాదమును బంధించి నడుము పైకెత్తిన నాప్రక్కకుఁ బడుదుము. కాఁబట్టి చేతిని వెంటనే విడిపించికొని దూరముగా నేల నానింపవలెను. పోటీలలో నిట్టి పట్టు 20 సెకండ్లు నిలిచినఁ బూర్ణవిజయము.

వీడియోలో నంతయు సులభముగాఁ గనఁబడెను. వసారాలో రెండు బొంతలు పఱచి పిల్లను బట్టితిని. అయిదు లెక్కించునంతలో జాఱిపోయెను. పండ్లు బిగించి పట్టితిని. మఱింత త్వరగాఁ బోయెను. గట్టునఁ గూర్చుండి యీఁత నేర్చినవారి గతి యిదియే గదా! చేతు లెచ్చటనో వీడియోలోఁ గనఁబడును, బరువెచ్చటనో కనఁబడదు.

ఆ రాత్రి మా చిన్నవాఁడు నా యొడిలో నిద్రించెను. మెలఁకువలోఁ దేలికగా నెత్తుకొను బిడ్డయే, నిద్రించినపు డెత్తఁబోవ రెట్టింపు బరువు. తూకము మాఱలేదు, ఒడలు సడలినది. మఱునాఁడు నేను మోచేతులపై బరువు మోయుట మాని, తుంటిని దించి, ఱొమ్మున వాలి, యూపిరి వదలితిని. "అమ్మా, ఇప్పుడు కదలలేను" అని క్రిందనుండి పిల్ల పలికెను. అసలు గురువు ఫోనులో లేఁడనియు, క్రింద నున్నవారే యనియు నప్పుడు తెలిసినది.

ఇంకొకనాఁడు నేను క్రింద నుంటిని. పిల్ల నా ఱొమ్ముపై వాలి, తరువాతి మెట్టు చూచుటకై ఫోనువైపు తల త్రిప్పెను. నాకూపిరి యాడలేదు. దాని వీఁపున రెండుమాఱులు తట్టితిని, గమనింపలేదు. మూఁడవమాఱునకు లేచి, నా మొగము చూచి భోరున నేడ్చెను. ప్రక్కటెముక వారము దినములు నొచ్చినది. పైవాని భారమెట్టిదో పిల్ల యా సందులోనే తెలిసికొన్నది. తన భార మితరుల కెట్లుండునో యానాఁడు తెలిసికొన్నది.

నాఁటినుండి మాకుఁ గొన్ని నియమములు. తట్టిన తక్షణము విడువవలెను. పట్టు వేసినపుడు ఫోను మూయవలెను. గొంతు నొక్కుట, కీలు విఱుచుట వీడియో చూచి నేర్వరాదు, అవి గురుముఖముననే. పట్టు నేర్వుమనినఁ బీఁక పట్టుట, చూచి రమ్మన్నఁ గాల్చి వచ్చినట్లే యగును. ఒక వారమున కొక్కటే పట్టు. వీడియోను మూఁడుమాఱులు చూతుము: మొదట మొత్తము, పిదపఁ బైవారి తుంటిని మోఁకాళ్లను, తుదకుఁ గ్రిందివారిని మాత్రమే. వా రేవైపునకుఁ దప్పించుకొనఁ జూతురో, మన బరువు నావైపునకే పోవలెను.

నిజమైన యాపదలో నేలపై నిలిచి పోరాడుట తగదు. ఎదుటివారు పలువురైనచో మఱియుఁ బ్రమాదము. పైకి వచ్చుట లేచుటకే, లేచుట పాఱిపోవుటకే. పిల్ల దీనిని నా చేత నూఱుమాఱులు చెప్పించికొన్నది.

మా మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యక్క భండారు అచ్చమాంబగారు తమ్ముని చదువు ప్రక్కనఁ గూర్చుండి యక్షరములు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసిరి. దొరకిన చోటనే విద్యను గైకొనుట మన స్త్రీలకుఁ బాత యలవాటు. గురువు దొరకినవారు గురువును విడువకుఁడు. దొరకనివారు పిల్లల నొంటరిగా వీడియోలకు వదలకుఁడు. ఒక బొంత పఱచి, మీరు ముందుగాఁ గ్రిందఁ బండుకొనుఁడు. వారి బరువు వారికిఁ దెలుపఁగలవారు మీరే.

మా పిల్ల నేఁడు మరలఁ గోదాడ బస్సెక్కుచున్నది. నేను వాకిటినుండి చూచుచున్నాను. భయము లేదనను, కాని నిద్ర పట్టుచున్నది.